ఉప్పు మాట వినని చెవి

తుపాను వెళ్లిపోయిన మర్నాడు కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరంలో ఓ వింత వెతుకులాట సాగుతుంది. అల వెనక్కి తగ్గగానే ఆడా మగా, పిల్లా పెద్దా తడి ఇసుక మీద గొంతుక్కూర్చుంటారు. దువ్వెనలతో, పుల్లలతో, ఉత్త చేతులతో ఇసుక గీకుతారు. ఆవగింజంతైనా బంగారం దొరక్కపోతుందా అని ఆశ. 2020 నవంబరులో నివర్ తుపాను తరువాత ఇలా జనం తీరానికి ఎగబడటం పేపర్లకెక్కింది. సముద్రం ఏళ్ల తరబడి ఆ ఊరిని కోసుకుంటూ పోతోంది. మునిగిపోయిన ఇళ్ల పునాదుల్లో వేసిన బంగారమూ, గుళ్ల సొమ్మూ కెరటాలతో తిరిగొస్తాయని అక్కడ చెప్పుకుంటారు.

చూసేవాళ్లకు సహజంగానే ఒక అనుమానం వస్తుంది. ఈ రోజుల్లో దువ్వెనేమిటి, ఓ మెటల్ డిటెక్టర్ తెచ్చుకోవచ్చుగా? తెచ్చి చూస్తే తెలుస్తుంది తమాషా. పొడి ఇసుక మీద బుద్ధిగా ఉన్న మామూలు యంత్రం, కెరటం తడిపిన గీత దాటగానే కీచుమంటుంది. కింద తవ్వితే గుండుసూది కూడా ఉండదు. ఆ ఉత్తుత్తి కీచును ఆపడానికి మనిషికి ఎన్నో దశాబ్దాలు పట్టింది.

ఆ కథ అమెరికాలో, ఓ తుపాకీ గుండుతో మొదలవుతుంది.

1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను ఒకడు కాల్చాడు. గుండు ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా 14 ఏళ్లుంది. డాక్టర్లు వేళ్లు పెట్టి వెతికినా దొరకలేదు. అప్పటికి ఐదేళ్ల కిందట టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకొచ్చాడు. ఆయన దగ్గర ఉన్నది ఇండక్షన్ బ్యాలెన్స్ అనే పరికరం. తీగచుట్టలో కరెంటు మారుతూ ఉంటే చుట్టూ అయస్కాంత క్షేత్రమూ మారుతుంది. దగ్గర్లో లోహం ఉంటే అందులో సుడులు తిరిగే చిన్న కరెంట్లు పుడతాయి. అవి తిరిగి తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. ఆ మార్పును రెండో చుట్ట పట్టుకుని టెలిఫోనులో సడిగా వినిపిస్తుంది. ఈనాటి డిటెక్టర్లన్నిటికీ మూలసూత్రం ఇదే.

అంతర్యుద్ధం నాటి గుండ్లు ఒంట్లో మోస్తున్న పాత సిపాయిల మీద బెల్ తన పరికరాన్ని సరిచూసుకున్నాడు. అది పనిచేసింది. శ్వేతసౌధంలో మాత్రం రెండుసార్లు పరీక్షించినా గుండు జాడ తేలలేదు. ఎక్కడ పెట్టినా ఏదో అస్పష్టమైన సడి. తరువాత ఆరా తీస్తే అధ్యక్షుడు పడుకున్న పరుపు కింద ఉక్కు తీగలల్లిన మరో పరుపు ఉందని బయటపడింది. పైగా, గుండు కుడివైపు ఉందని నమ్మిన పెద్ద డాక్టరు ఎడమవైపు వెతకనివ్వలేదు. సెప్టెంబరు 19న న్యూజెర్సీలోని ఎల్బరాన్ అనే సముద్రతీరపు ఊళ్లో గార్‌ఫీల్డ్ కన్నుమూశాడు. శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది.

లోహాన్ని వినగలిగే చెవి అలా తొలినాళ్లలోనే తయారైంది. అక్కర్లేనిది వినకుండా ఉండటం దానికి చేతకాలేదు. ఇక మీదట డిటెక్టర్ కథంతా ఈ లోటు తీర్చుకునే కథే.

తరువాతి మలుపు పొరపాటులోంచి పుట్టింది. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన గెర్హార్డ్ ఫిషర్ విమానాలకు దిక్కు చూపే రేడియో పరికరాలు తయారుచేసేవాడు. కొన్నిచోట్ల ఆ పరికరాలు దిక్కు తప్పుగా చూపిస్తున్నాయని పైలట్లు చెప్పారు. నేలలోని ఖనిజాలూ, దగ్గర్లోని లోహపు కట్టడాలూ రేడియో తరంగాలను వంచేస్తున్నాయని ఫిషర్ గ్రహించాడు. మరొకడైతే ఆ తప్పును సరిదిద్ది ఊరుకునేవాడు. ఫిషర్ ఆ తప్పునే సరుకుగా మార్చాడు. తరంగాన్ని వంచే లోహాన్ని ఆ వంపును బట్టే పట్టుకోవచ్చు కదా! 1931లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, తన గ్యారేజీలో ‘మెటల్లోస్కోప్’ తయారీకి దిగాడు. దానికి 1937లో పేటెంటు వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో తలదాచుకున్న పోలిష్ సైన్యంలో యూజెఫ్ కొసాట్‌స్కీ అనే లెఫ్టినెంటు ఉండేవాడు. మందుపాతరలు పట్టే పరికరాన్ని 1941–42 చలికాలంలో స్కాట్లాండులో రూపొందించాడు. ఒంటరి సిపాయి మోసుకెళ్లి ఆడించగలిగేంత సులువైనది. బరువు 14 కిలోల లోపు. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ యుద్ధానికి అలాంటివి 500 పంపారు. గంటకు వంద చదరపు మీటర్ల నేల శుభ్రం చేసే చోట రెండు వందలు చేయడం సాధ్యమైంది. కొసాట్‌స్కీ పేటెంటు అడగలేదు. బ్రిటన్ రాజు నుంచి ఒక కృతజ్ఞతా లేఖ అందుకున్నాడు.

ఎల్ అలమీన్ దగ్గర యంత్రాలు పనిచేసింది ఎడారి ఇసుక మీద. ఎండిన ఇసుక డిటెక్టర్‌కు దాదాపు గాలితో సమానం. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన మిగులు పరికరాలు సరదారాయుళ్ల చేతికొచ్చాయి. ట్రాన్సిస్టర్ వచ్చి యంత్రం తేలికైంది. స్నానాలకొచ్చిన జనం జారవిడుచుకున్న ఉంగరాల కోసం వాళ్లు సముద్రతీరాలకు బయల్దేరారు. తడి గీత దగ్గర యంత్రం కీచుమంది.

కారణం ఉప్పు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటివల్ల నీరే ఒక నాసిరకం కరెంటు తీగ అవుతుంది. తీగచుట్ట కింద తడిసిన ఇసుకంతా ఒకే పెద్ద లోహపు రేకులా సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. పోనీ, యంత్రాన్ని ఉప్పుకు అలవాటు చేస్తే? నేల చేసే రొదను కొలిచి తీసేసే గ్రౌండ్ బ్యాలెన్స్ అనే ఏర్పాటు 1970ల్లో వచ్చింది. అప్పుడు రెండో శత్రువు తలెత్తింది, నల్ల ఇసుక.

మన భీమిలి, కళింగపట్నం తీరాల్లో నడిచినవాళ్లకు ఇసుక మీద నల్లటి చారలు తెలుసు. ఇల్మెనైట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలవి. మామూలు ఇసుక నీటికన్నా రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు. మాగ్నటైట్ ఐదు రెట్లు, బంగారం పంతొమ్మిది రెట్లు. కెరటం చేటతో చెరిగినట్టు తేలిక ఇసుకను విసిరేసి బరువైనవాటిని ఓ చోట చేరుస్తుంది. అంటే బంగారం దిగే చోటే నల్ల ఇసుకా పేరుకుంటుంది. మాగ్నటైట్ అయస్కాంత గుణంతో యంత్రాన్ని ఒక తీరున కలవరపెడితే, ఉప్పు కరెంటు గుణంతో మరో తీరున కలవరపెడుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రాన్ని ఒకదానికి సర్దితే రెండోది అరుస్తుంది. కెరటం వచ్చిపోయే ప్రతిసారీ ఇసుకలో తడి మారుతుంది కాబట్టి ఆ సర్దుబాటు కూడా నిలవదు.

ఈ చిక్కుకు రెండు దారులు దొరికాయి.

మొదటిది పల్స్ ఇండక్షన్. 1960ల్లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పురావస్తు ప్రయోగశాలలో దీని మీద పని జరిగింది. అక్కడ పనిచేసిన ఎరిక్ ఫోస్టర్ తరువాత దశాబ్దాల పాటు ఈ రకం యంత్రాలే తయారుచేశాడు. ఇందులో తీగచుట్ట ఆగకుండా పాడదు. ఒక్క దెబ్బ కొట్టి, మౌనంగా ఆగి, అప్పుడు వింటుంది. కంచు గంటను కొడితే మోత చాలాసేపు నిలుస్తుంది. మట్టి కుండను కొడితే టక్కుమని ఆగిపోతుంది. ఉప్పునీరు మట్టి కుండ లాంటిది. అందులోని సుడి ప్రవాహాలు మైక్రోసెకన్లలో, అంటే సెకనులో పదిలక్షల వంతుల లెక్కలో, ఓ పది గడిచేసరికి చల్లారిపోతాయి. నాణెం గంటలా ఇంకా మోగుతూనే ఉంటుంది. కాస్త ఆలస్యంగా వింటే చాలు, ఉప్పు దానంతటదే తప్పుకుంటుంది. నల్ల ఇసుక బాధ కూడా చాలావరకు తగ్గుతుంది. లోపమల్లా, ఈ యంత్రానికి బంగారమూ ఇనుప మేకూ ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి. సీసా మూతలూ తుప్పు గాలాలూ నిండిన తీరంలో మధ్యాహ్నానికి నడుం విరుగుతుంది.

రెండో దారి చిన్నప్పటి లెక్కల్లోదే. మామా అల్లుళ్ల వయసులు కలిపితే ఎనభై అంటే ఎవరి వయసూ తేలదు. వాళ్ల గురించి ఇంకో మాట చెప్పాలి. ఆ ఇంకో మాటే రెండో ఫ్రీక్వెన్సీ. ఫ్రీక్వెన్సీ మూడు రెట్లు పెంచితే, నల్ల ఇసుకతో పోల్చినప్పుడు ఉప్పు సడి ఇంచుమించు మూడు రెట్లవుతుంది. రెండు చోట్లా కొలిచి, సరైన పాళ్లలో ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే రెండు రొదలూ ఒకేసారి రద్దవుతాయి. 1990ల తొలినాళ్లలో ఫిషర్ స్థాపించిన సంస్థ నుంచే 5, 15 కిలోహెర్ట్జ్‌లతో పనిచేసే సీజెడ్-6 వచ్చింది. ఇంచుమించు అప్పుడే ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మైన్‌ల్యాబ్ సంస్థకు చెందిన బ్రూస్ క్యాండీ ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీలు వాడే సావరిన్‌ను రూపొందించాడు. ఇనుమును గుర్తుపడుతూనే తడి ఇసుక మీద నోరు మూసుకునే యంత్రం అలా సాధ్యమైంది. ఇప్పుడు తీరాల్లో కనిపించే మల్టీ ఫ్రీక్వెన్సీ డిటెక్టర్లు ఈ దారిలో వచ్చినవే.

మరి వీటిలో ఒకటి ఉప్పాడకు పట్టుకెళ్తే?

ఉంగరం పోయి ఉంటే దొరుకుతుంది. నాణెమైనా దొరుకుతుంది. అక్కడివాళ్లు వెతికే ఆవగింజంత బంగారం దగ్గర మాత్రం యంత్రం తెల్లమొహం వేస్తుంది. రేణువు చిన్నదయ్యే కొద్దీ అందులో పుట్టే సుడి ప్రవాహం ఉప్పునీటిలో లాగే త్వరగా చల్లారిపోతుంది. సన్నని గొలుసుదీ ఇదే తంతు, ఎందుకంటే దాని ఒక్కో కొక్కీ యంత్రానికి విడి రేణువు కిందే లెక్క. ఆలస్యంగా విందామంటే అప్పటికే దాని మోత అయిపోయి ఉంటుంది. రెండు ఫ్రీక్వెన్సీల్లో తీసివేత చేస్తే ఉప్పుతో పాటు అదీ రద్దవుతుంది. ఉప్పును వినకూడదని నేర్పినప్పుడే, ఉప్పులా మాట్లాడే బంగారాన్ని కూడా వినకూడదని యంత్రానికి నేర్పేశాం.

కంటికి ఆ ఇబ్బంది లేదు. నల్లటి చార మీద పసుపు మెరుపు పడితే అది ఉప్పులా కనిపించదు. అందుకే తుపాను మర్నాడు ఉప్పాడలో ఇంకా దువ్వెనదే పైచేయి.