పత్తర్‌గట్టి: రాతి కమానుల బజారు

హైదరాబాదులో చార్‌కమాన్ నుండి ఉత్తరంగా మదీనా కూడలి వైపు సాగే పత్తర్‌గట్టి బజారు, 1591లో చార్మినార్‌ను కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా నాటి రాజమార్గం మీదనే ఉన్నప్పటికీ, దాని నేటి రూపం ఇరవయ్యో శతాబ్దానికి చెందినది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది; ఇరుకు వాడలను తొలగించి రోడ్లు, మురుగుకాలువలు, ఇళ్లు సమకూర్చవలసిన ఆ సంస్థ ఈ వీధిని వెడల్పు చేసి, ఇరువైపులా రాతి కమానుల వరుసలను నిలిపింది. కింద దుకాణాలు, పైన నివాసాలు, దుకాణాల ముందు కమానుల నీడలో పాదచారులు నడిచే వసారా: సౌందర్యం కోసం వ్యాపారాన్ని వెళ్లగొట్టకుండా, వ్యాపారానికే అందమైన ఆవరణ కల్పించడం ఈ నిర్మాణంలోని నిజమైన ఘనత.

కాలక్రమంలో నామఫలకాలు, విద్యుత్తు తీగలు, వసారాలోకి చొచ్చుకువచ్చిన సరుకులు ఆ కమానులను మరుగుపరిచాయి. చార్మినార్ పరిసరాలను పాదచారులకు ప్రత్యేకించే పథకంలో భాగంగా వాహనాలను మళ్లించి, నేలపై రాళ్లు పరిచారు. ఇది హర్షణీయమే, అయితే వసారాలు మళ్లీ నడకకు దక్కనిదే, ఎంత నునుపైన రాళ్లు పరిచినా పత్తర్‌గట్టి పునరుద్ధరణ సగంలోనే నిలిచిపోతుంది.