ముద్దుపళని రాధికాసాంత్వనము

తంజావూరున నాయకరాజుల యేలుబడి 1673లో అంతరించినను తెలుగు కవితకు ఆదరము తగ్గలేదు. పిదప నేలిన మహారాష్ట్ర ప్రభువులును తెలుగు కవులను మన్నించిరి. వారిలో ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానమును అలంకరించిన విదుషి ముద్దుపళని. గణికాకులమున జన్మించి, సంగీత సాహిత్యములయందు ఆరితేరి, ఆమె రాధికాసాంత్వనమను నాలుగాశ్వాసముల శృంగారప్రబంధమును రచించెను.

రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునకిచ్చి వివాహము చేయించును. ముగ్ధయగు వధువుతో సుకుమారముగా మెలగుమని కృష్ణునకు తానే బోధించును. తరువాత విరహము తాళజాలక అలుగును. కృష్ణుడు వచ్చి ఆమెను అనునయించును. కథ యింతియే.

నాయిక వలపును వర్ణించుట మన ప్రబంధములకు క్రొత్త కాదు. అయితే పలుతావుల అది నాయకుని సుఖమునకు సాధనమాత్రముగా నిలిచినది. ఇందు రాధ కోరికయే కథను నడపును. ప్రణయమున చొరవ ఆమెది; అలుకయు ఆమె హక్కు. ఆమె మనసు చల్లబడినగాని కావ్యము ముగియదు. గ్రంథనామమే ఈ సంగతిని చాటుచున్నది. ఇట్టి స్వాతంత్ర్యము నాటి కులస్త్రీలకు లేదు. గణికలకును రాజాశ్రయమునకు లోబడియే లభించినది. ఆ పరిమితిలోనే ముద్దుపళని స్త్రీ తృప్తిని స్త్రీ నోటనే పలికించెను.

మైసూరు సీమలోని నంజనగూడున 1878లో జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మ, వెనుకటి ముద్రణలో కొన్ని భాగములు లోపించుట గమనించి, వ్రాతప్రతిని సంపాదించి, 1910లో సమగ్రముగా వావిళ్లవారిచే ప్రకటింపజేసెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ కావ్యమును అశ్లీలమని అంతకుముందే ఖండించియుండిరి. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు వలదాయని ఆమె తన పీఠికలో నిలదీసెను. పురుషకవుల రచనలలో మెచ్చుకొన్న శృంగారమే స్త్రీ వ్రాసినంతనే దోషమెట్లగునన్నది ఆమె ప్రశ్న.

1911లో ప్రభుత్వము గ్రంథమును నిషేధించి ప్రతులను స్వాధీనపరచుకొనెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వమునకు నాయకత్వము వహించిన కాలమున నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు గ్రంథమును మరల ముద్రించిరి. ఆ సంవత్సరముననే నాగరత్నమ్మ కన్నుమూసెను.

తమిళసీమలో పుట్టిన ఈ తెలుగు కావ్యమును కన్నడసీమలో పుట్టిన ఒక స్త్రీ కాపాడెను. తెలుగునాటి వెలుపల నివసించు ఆంధ్రులు భాషకు చేసిన సేవలో ఇది మరువరానిది. ప్రణయమున స్త్రీ మనసునకును సమానమైన విలువ గలదని ఈ యిరువురు తెలుగువారికి తెలియజేసిరి.