నొప్పి పోయింది... కన్ను కూడా!

1890. లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆస్పత్రి. బల్ల మీద ఒకామె. ముఖంలో సగభాగంలో చురుక్కున పొడిచే నొప్పి, ట్రైజెమినల్ న్యూరాల్జియా. ఈ జబ్బున్న వాళ్లకు ముద్ద నమలడం, ముఖం కడగడం కూడా గండమే. సర్జన్ విలియం రోజ్ పై దవడ ఎముక తొలగించి, పుర్రె అడుగునున్న ట్రైజెమినల్ నాడి ముడిని (గాసేరియన్) తీసేశాడు. చరిత్రలో అలాంటి తొలి ఆపరేషన్లలో అదొకటి.

ఆ తర్వాత అటువైపు కన్ను చెడింది. చివరికి కనుగుడ్డునే తీసేయాల్సొచ్చింది.

హెచ్చరిక లేకపోలేదు. 1824లోనే పారిస్‌లో శాస్త్రవేత్త మజాండీ కుందేలుకు ఈ ట్రైజెమినల్ నాడి కోసి చూశాడు. దాని కార్నియా పుండు పడింది. కంటికి స్పర్శనిచ్చే కొమ్మ కూడా ఆ నాడిదే. అది చచ్చుబడితే నలుసు పడ్డా తెలీదు, రెప్పపాటు తగ్గుతుంది, పుండు మానదు. నొప్పి కంటికి కాపలా అన్నమాట. రోజ్ కేసు తర్వాత సర్జన్లు ముందుజాగ్రత్తగా రెప్పలు కలిపి కుట్టడం మొదలుపెట్టారు.

1912లో జర్మనీ వైద్యుడు హెర్టెల్ బుగ్గలోంచి సూది గుచ్చి ఆ ముడిలోకి ఆల్కహాల్ ఎక్కించే దారి చూపాడు. కోత తప్పింది గానీ కంటికి ముప్పు తప్పలేదు. ఇప్పుడు గ్లిజరాల్, రేడియో తరంగాల వేడి వచ్చాయి. కంటి కొమ్మను వదిలేసే నేర్పూ పెరిగింది. ఉత్త మత్తుమందు సూది (బ్లాక్) అయితే ఆ మొద్దుబారడం కొన్ని గంటలే. మందు కంటి గూటిలోకి జారితే రెప్ప వాలొచ్చు, ఒకటి రెండుగా కనబడొచ్చు. చూపు పోవడం బహు అరుదు.

ఇదంతా మహారాష్ట్రలోని భివండీ మగ్గాల వాళ్లకెందుకంటే, టెంఘర్ వైపు పవర్‌లూమ్ షెడ్డులో గాలి నిండా నూలు ధూళే. స్పర్శ ఉన్న కంట్లో నూగు పడితే వెంటనే నలుపుకుంటాం, కడుక్కుంటాం. స్పర్శ లేని కన్ను దాన్ని అలాగే మోస్తూ రాత్రి షిఫ్టు పూర్తి చేస్తుంది. ఈ సంగతి సూదికి ముందు సంతకం పెట్టించే కాగితంలో ఒక ముక్కగా ఉంటే చాలదని నా అభిప్రాయం. నోటితో, అర్థమయ్యే భాషలో చెప్పాలి.

ముఖం నొప్పికి సూది వేయించుకున్నారా? కంటికి స్పర్శ ఉందో లేదో డాక్టర్ని అడగండి. లేదని చెబితే చుక్కల మందు, కళ్లద్దాలు వదలకండి. రోజూ అద్దంలో చూసుకోండి. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.