పదమూడు పోటీలు, పదమూడు గెలుపులు: ఒక నాస్తికుడి ఎన్నికల లెక్క

గుడిమెట్లు ఎక్కనివాడికి ఈ దేశంలో ఓట్లు పడవు అనే మాట మనం తరచూ వింటుంటాం. రాజకీయ నాయకులు అనడం సహజమే. వాళ్ళు గుళ్ళూ, మఠాలూ, దర్గాలూ తిరగడానికి అదొక సాకు. విచిత్రమేమిటంటే హేతువాదులు కూడా చాలామంది ఈ మాటను నమ్ముతారు. "మన ప్రజలు ఇంతే, ఎన్నికలు మనకు పడవు" అని పెదవి విరుస్తారు. ఏ నమ్మకాన్నయినా పరీక్షించి చూడమని నలుగురికీ చెప్పే మనం ఈ నమ్మకాన్ని మాత్రం ఎందుకు పరీక్షించం?

పరీక్షకు సరిపడా సమాచారం పక్క రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి ముత్తువేల్ కరుణానిధి (1924–2018) పెరియార్ రామసామి ఆత్మగౌరవ ఉద్యమంలో పెరిగినవాడు. తాను నాస్తికుణ్ణని ఎన్నడూ దాచుకోలేదు. దేవుడి పేరు మీద కాక మనస్సాక్షి మీద పదవీ ప్రమాణం చేసేవాడు. ఆయన శాసనసభకు 13 సార్లు పోటీ చేసి 13 సార్లూ గెలిచాడు.

ముందు లెక్క చూద్దాం. 1957లో కుళిత్తలై నుంచి మొదటి గెలుపు. అప్పటికి డి.ఎం.కె.కు పార్టీగా గుర్తింపు లేదు, రికార్డుల్లో ఆ అభ్యర్థులంతా స్వతంత్రులే. 1962లో తంజావూరు. ఆ ఎన్నికల్లో డి.ఎం.కె. 50 స్థానాలు గెలిచినా పార్టీ స్థాపకుడు అన్నాదురై కాంచీపురంలో ఓడిపోయాడు. 1967, 1971లో మద్రాసులోని సైదాపేట. 1977, 1980లో అన్నానగర్. 1989, 1991లో హార్బర్. 1996, 2001, 2006లో చేపాక్. చివరికి 2011, 2016లో తాను చిన్నతనంలో చదువుకున్న తిరువారూర్. మధ్యలో 1984లో పోటీ చేయలేదు. శ్రీలంక తమిళుల సమస్యపై 1983లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి, తర్వాత శాసనమండలి సభ్యుడయ్యాడు. 1986లో మండలే రద్దయింది.

ఈ జాబితా చూసి "చూశారా, నాస్తికుడికి ఓటమే లేదు" అని చప్పట్లు కొడితే మనం కూడా జాతకాలు చెప్పేవాడి పద్ధతిలోనే పోయినట్లు. కలిసొచ్చిన వాటిని లెక్కపెట్టి కలిసిరాని వాటిని వదిలేయడం వాడి పని. అందుకని ఆధిక్యాలు కూడా చూడాలి. 1980లో అన్నానగర్‌లో ఆయన గెలిచింది 699 ఓట్లతో. 1991లో హార్బర్‌లో 890 ఓట్లతో. ఆ రెండు రోజులూ గాలి కొంచెం అటు వీచి ఉంటే ఈ "ఓటమి ఎరుగని" కథే ఉండేది కాదు. అదే మనిషి, అదే నాస్తికత్వం. 2016లో తిరువారూర్‌లో 68,366 ఓట్ల ఆధిక్యం వచ్చింది, ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోకెల్లా అదే పెద్దది. నాస్తికత్వం మారలేదు గాని ఆధిక్యం వంద రెట్లు మారింది. అంటే ఓట్లను నిర్ణయించినది వేరే ఏదో అన్నమాట.

ఆ వేరేది ఏమిటో పార్టీ అంకెలు చెబుతాయి. 1971లో 234కు 184 స్థానాలు. ఎం.జి.ఆర్. విడిపోయి వేరే పార్టీ పెట్టాక 1977లో 48, 1980లో 37. ఎన్నికల ప్రచారం మధ్యలో రాజీవ్ గాంధీ హత్య జరిగిన 1991లో రెండంటే రెండు. ఆ రెండింటిలో ఒకటి కరుణానిధిది, ఆయన దానికీ రాజీనామా చేశాడు. 1996లో 173, 2001లో 31, 2006లో 96, 2011లో 23, 2016లో 89. పొత్తులు, పార్టీ చీలికలు, ఒక హత్య కలిగించిన దుఃఖం, ధరలు, కరెంటు కోతలు, అవినీతి ఆరోపణలు ఈ ఎత్తుపల్లాలకు కారణాలు. దేవుడి ప్రసక్తి ఇందులో ఎక్కడా పైకి రాదు.

అసలు దేవుణ్ణే ఎన్నికల అంశం చేసిన సందర్భం ఒకటుంది. 1971 జనవరిలో సేలంలో ద్రావిడ కళగం మూఢనమ్మకాల నిర్మూలన సభ జరిపింది. ఆ ఊరేగింపులో రాముడి బొమ్మను చెప్పులతో కొట్టారని దేశమంతా గొడవయింది. కొద్ది వారాల్లో ఎన్నికలు. ఒకప్పుడు బద్ధ విరోధులైన కామరాజ్, రాజాజీ ఆ ఎన్నికల్లో ఒక్కటయ్యారు. సేలం సంఘటన మీద బొమ్మలు వేసి గోడలన్నీ నింపారు. ఫలితం పైన చెప్పిన 184. అది అంతవరకు డి.ఎం.కె. చూడని గెలుపు.

ఇక్కడా తొందరపడకూడదు. రాముణ్ణి అవమానించినందుకు జనం ఓటేశారని కాదు. ఇందిరా కాంగ్రెస్‌తో పొత్తు ఉంది, ఆమె గాలి బలంగా ఉంది, కాంగ్రెస్ రెండుగా చీలి ఉంది. ఈ అంకె రుజువు చేసేది చిన్న విషయమే, కాని గట్టి విషయం: దేవుడి పేరుతో రెచ్చగొట్టినంత మాత్రాన ఓటరు మిగతావన్నీ మరచిపోతాడనేది నిజం కాదు. 2007లో సేతు సముద్రం వివాదంలో రాముడు ఏ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడని కరుణానిధి అడిగినప్పుడు ఉత్తరాదిన ఆయన తలకు వెల కట్టినవాళ్ళున్నారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో 16 స్థానాలు గెలిచిన డి.ఎం.కె. 2009లో 18 గెలిచింది.

ఇంతకూ ఆ గెలుపులతో ఏం చేశాడన్నది అసలు ప్రశ్న. గెలవడం కోసమే గెలిస్తే మనకెందుకు ఆ చరిత్ర?

గర్భగుడిలోకి అన్ని కులాలవాళ్ళూ వెళ్ళాలని పెరియార్ ఆందోళనకు సిద్ధమైనప్పుడు, ఆ పని చట్టంతో చేస్తానని కరుణానిధి ముందుకొచ్చాడు. 1970 డిసెంబరులో వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేస్తూ శాసనసభ చట్టం చేసింది. 1972లో శేషమ్మాళ్ కేసులో సుప్రీంకోర్టు వారసత్వం రద్దును ఒప్పుకుంది, కాని నియామకాలు ఆగమాల ప్రకారమే జరగాలంది. తలుపు తెరిచి గడప దగ్గర గొలుసు వేసినట్లయింది. 1973లో పెరియార్ చనిపోయాడు. 2006లో ఐదోసారి ముఖ్యమంత్రి కాగానే కరుణానిధి ఆ విషయాన్నే మళ్ళీ చేపట్టాడు. శిక్షణా పాఠశాలలు పెట్టి అన్ని కులాలకు చెందిన రెండు వందల మందికి పైగా యువకులకు అర్చక శిక్షణ ఇప్పించారు. మళ్ళీ కోర్టు, మళ్ళీ స్టే. 2015లో వచ్చిన తీర్పు కూడా ఆగమాలను దాటలేదు. వాళ్ళలో ఒకరికి మధురైలో మొదటి నియామకం దొరికింది 2018లో, ఆయన చనిపోయిన ఏడాది. 2021 ఆగస్టులో ఆయన కొడుకు స్టాలిన్ ప్రభుత్వం మరో ఇరవై మందికి పైగా నియమించింది. ఒక చట్టం గుడి లోపలికి నడవడానికి యాభై ఏళ్ళు పట్టింది.

ఇంకో రెండు పనులు చెప్పుకోవాలి. ఆడపిల్లలకు ఆస్తిహక్కు కావాలని 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ తీర్మానించింది. అరవై ఏళ్ళకు, 1989లో, కరుణానిధి ప్రభుత్వం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇచ్చింది. ఇందులో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మూడు నాలుగేళ్ళు ముందే ఉందని మనం గుర్తుంచుకోవచ్చు. రెండోది సమత్వపురాలు. 1998 నుంచి పెరియార్ పేరిట కట్టిన ఈ కాలనీల్లో వంద ఇళ్ళు, అందులో దళితులకు 40, మిగతావి ఇతర కులాలకు. గుడి, మసీదు, చర్చి ఏదీ కట్టకూడదని నియమం.

ఇక రెండో వైపు. 1990ల నుంచి ఆయన భుజం మీదికి పసుపు కండువా వచ్చింది. జ్యోతిష్కుడి సలహా అన్నారు ప్రత్యర్థులు, ఆయన ఒప్పుకోలేదు. 1999లో మత రాజకీయాల పార్టీ అయిన బి.జె.పి.తో కలిసి కేంద్రంలో అధికారం పంచుకున్నాడు, 2003 చివర దాకా. 2007 జనవరిలో పుట్టపర్తి సాయిబాబా ఆయన ఇంటికే వచ్చాడు. తెలుగుగంగ కాలువ బాగుచేసి మద్రాసుకు నీళ్ళు రావడానికి బాబా ట్రస్టు డబ్బు పెట్టింది, దానికి కృతజ్ఞతగా సభ జరిపారు. నీళ్ళు ఎవరిచ్చినా తీసుకోవడంలో తప్పులేదు. కాని ఆ సందర్భంలో బాబా గాలిలోంచి తీసిన ఉంగరం మంత్రివర్గంలోని ఒక పెద్దాయన వేలికి ఎక్కిందని పత్రికల్లో వచ్చింది. పెరియార్ బతికుంటే ఆ కాలువను మెచ్చుకుని ఆ ఉంగరాన్ని నడిబజారులో పెట్టి నవ్వేవాడు. పార్టీ కుటుంబం చేతిలోకి పోవడం సరేసరి. అర్చకత్వంలో వారసత్వం కూడదన్నవాడు పదవుల్లో వారసత్వాన్ని పెంచాడు. ఈ మాట అనకుండా ఆయన్ని పొగిడితే అది భక్తి అవుతుంది.

మరి మనదగ్గర? 1920లలో త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలి మున్సిపల్ చైర్మన్‌గా ఉండి గంగమ్మ జాతరలో జంతుబలి ఆపించాడు. అవిశ్వాస తీర్మానం పెట్టి ఆయన్ని దించారు. ఆయనకు తెలివి లేకనా, ధైర్యం లేకనా? రెండూ పుష్కలంగా ఉన్నాయి. లేనిది ఆయన వెనక ఊరూరా నిలబడిన సంఘం. కరుణానిధి కుళిత్తలైలో నామినేషన్ వేసేనాటికి పెరియార్ ఉద్యమానికి ముప్పై ఏళ్ళు. పురోహితుడు లేని పెళ్ళిళ్ళు, పఠన మందిరాలు, నాటకాలు, పత్రికలు, 1952 నాటి పరాశక్తి వంటి సినిమాలు జనం చెవిని సిద్ధం చేసి ఉంచాయి. ఓటు ఆ పనికి చివర వచ్చిన పంట.

1987లో ఆంధ్రప్రదేశ్ కూడా అర్చకుల వంశపారంపర్య హక్కులను, తిరుమల మిరాశీలతో సహా, చట్టం ద్వారా రద్దు చేసింది. సుప్రీంకోర్టు 1996లో దాన్ని సమర్థించింది. ఆ చట్టం చేసినవాడు తెరమీద రాముడు, కృష్ణుడు వేసిన నటుడు, కాషాయం కట్టిన ముఖ్యమంత్రి. అంటే సంస్కరణకు నాస్తికుడే కావాలని లేదు, నాస్తికుడైతే చాలనీ లేదు.

కనుక పదమూడు గెలుపులు మనకు చెప్పేది ఇంతే. ఓటరు మన అవిశ్వాసాన్ని క్షమిస్తాడు, మనం ఆయన బతుకుతో సంబంధం పెట్టుకుంటే. ప్రజలు సిద్ధంగా లేరనే సాకు ఈ లెక్కల ముందు నిలవదు. ఇకమీదట మన సభల్లో "ఎన్నికలు మనకు పడవు" అని ఎవరైనా అంటే, అంతకుముందు ముప్పై ఏళ్ళు మనం ఏ ఊళ్ళో ఏం పని చేశామో చెప్పమని అడగండి.