చన్నీటి తీర డైవింగ్ (ప్యూజెట్ సౌండ్)

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ పరిసరాల్లోని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో, పడవ ఎక్కకుండా ఒడ్డు నుంచే నీటిలోకి నడిచి వెళ్లి చేసే స్కూబా డైవింగ్. ఇక్కడి నీరు ఏడాది పొడవునా దాదాపు 7 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది.

నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కనుక, కొత్తవారు ముందుగా చూసుకోవలసింది దుస్తుల సంగతే. 7 మిల్లీమీటర్ల మందపు వెట్‌సూట్ ఒడ్డున ఉక్కగా అనిపించినా, లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడికి నలిగి పలచబడి వెచ్చదనం కోల్పోతుంది. తరచూ దిగేవారికి, నీరు లోపలికి రానివ్వని డ్రైసూటే మేలు. అయితే దానిలోని గాలి పాదాలవైపు చేరితే మనిషి తలకిందులై అదుపు తప్పి పైకి తేలిపోవచ్చు. అందుకే దాని వాడకాన్ని శిక్షకుని దగ్గర విడిగా నేర్చుకోవాలి. మందపాటి దుస్తులు పైకి తేలుస్తాయి కాబట్టి సీసం బరువులూ ఎక్కువ కావాలి. ఆ బరువుతో తడి రాళ్ల మీద నడవడం చాలామందికి డైవింగ్ కన్నా కష్టమనిపిస్తుంది.

ఎడ్మండ్స్ పట్టణంలో ఫెర్రీ రేవు పక్కనే 1970లో ఏర్పడిన అండర్‌వాటర్ పార్క్ ఆరంభకులకు చక్కని చోటు. అక్కడ వేటపై నిషేధం ఉన్నందువల్ల లింగ్‌కాడ్ చేపలు మనిషిని చూసినా కదలకుండా, నీట మునిగిన పాత డ్రైడాక్ (ఓడల మరమ్మతు వేదిక) కలపపై పడుకుని ఉంటాయి. వసంత, వేసవి కాలాల్లో ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) పెరిగి నీరు మసకబారుతుంది. చలికాలంలో తేటగా ఉంటుంది. ఏ కాలమైనా ఆటుపోట్ల పట్టిక చూసి, ప్రవాహం నెమ్మదించే వేళకే దిగాలి.