ఖంభాత్ అకీకు: బల్లపై మెరిసే రాయి, పనివారి ఊపిరిలో ధూళి

కాగితాలు ఎగిరిపోకుండా ఉంచే గుడ్డు ఆకారపు పేపర్ వెయిట్, కలాలు నిలిపే చిన్న రాతి పాత్ర, ఉత్తరాలు తెరిచే కత్తికి రాతి పిడి, ఎర్రని పూసలు గుచ్చిన తాళంచెవుల గొలుసు: కార్యాలయపు బల్లలపై కనిపించే ఇటువంటి అకీకు రాతి వస్తువుల తయారీకి దేశంలో పేరొందిన కేంద్రం గుజరాత్‌లోని ఖంభాత్. ఆనంద్ జిల్లాలోని ఈ పట్టణపు అకీకు పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

రాయి, దాని పేరు

అగేటును ఉత్తరాదిన 'అకీక్' అంటారు. ఇది అరబ్బీ నుంచి వచ్చిన మాట. పలుగురాతి జాతికి చెందిన ఈ రాయి ప్రధానంగా సిలికా. ముడిరాయి భరూచ్ జిల్లా ఝగడియా ప్రాంతంలోని రతన్‌పూర్ పరిసరాల్లో లభిస్తుంది. అక్కడి సిద్దీ ముస్లింలు ఆరాధించే బావా గోర్‌ను అకీకు పనికి మూలపురుషుడిగా స్థానిక సంప్రదాయం భావిస్తుంది.

ఈ కళ మూలాలు అంతకన్నా పాతవి. గుజరాత్‌లోనే ఉన్న హరప్పా నాటి పట్టణం లోథల్‌లో, 1950ల్లో మొదలైన తవ్వకాలలో, పూసల కర్మాగారం బయటపడింది. సింధు లోయ శైలికి చెందిన ఎర్రని పూసలు మెసొపొటేమియాలోని ఉర్ రాజసమాధులలోనూ లభించాయి. తరువాతి కాలంలో ఖంభాత్ పెద్ద ఓడరేవుగా వెలిగింది. ఒండ్రు మేటలు వేసి రేవు మూతపడినా రాతిపని మాత్రం నిలిచింది.

తయారీ క్రమం

తవ్విన రాళ్లను ముందుగా ఎండలో ఆరబెడతారు. మట్టికుండలలో ఉంచి, పిడకలు లేదా రంపపు పొట్టు నిప్పుపై నెమ్మదిగా కాలుస్తారు. రాయిలోని ఇనుము సమ్మేళనం నీటిని కోల్పోయి ఎర్రని ఆక్సైడుగా మారుతుంది. పసుపు, గోధుమ వన్నె రాయి ఎరుపెక్కేది ఇలాగే.

తరువాత చెక్కడం. నేలలో పాతిన ఇనుప మేకు మొనకు రాయిని ఆనించి, సన్నని కర్రకు బిగించిన గేదె కొమ్ము సుత్తితో తేలికగా కొడతారు. పెచ్చులు ఊడి స్థూలరూపం వస్తుంది. ఆ పైన సాన పట్టి నునుపు చేస్తారు. పూసలకు వజ్రపు మొన గల బరమాతో బెజ్జం వేస్తారు. చివరగా సానపొడి, నీరు కలిపి తిప్పి మెరుగు పెడతారు. పూర్వం దీనికి తోలుసంచులు వాడేవారు. ఇప్పుడు తిరిగే పీపాలు వచ్చాయి.

ప్రమాదం ఎక్కడ?

వస్తువుకు గుండ్రదనం, నునుపు ఇచ్చే సాన దశలోనే ప్రమాదం అధికం. విద్యుత్ చక్రంపై పొడిగా సాన పట్టినప్పుడు సిలికా ధూళి దట్టంగా లేస్తుంది. అందులో కంటికి కనిపించని సూక్ష్మకణాలు ఊపిరితిత్తుల లోపలి పొరల దాకా చేరి అక్కడే నిలిచిపోతాయి. కణజాలం క్రమంగా గట్టిపడి మచ్చలు కడుతుంది. ఇదే సిలికోసిస్. ఈ వ్యాధిని నయం చేసే మందు లేదు. పని మానేసిన తరువాత కూడా అది ముదరవచ్చు. క్షయ సోకే ముప్పు కూడా పెరుగుతుంది. ముఖానికి కట్టుకున్న గుడ్డ ఈ కణాలను ఆపలేదు.

అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఖంభాత్ అకీకు పనివారిపై అధ్యయనాలు జరిపింది. చక్రం ఇంట్లోనే ఉన్నచోట పని చేయని కుటుంబ సభ్యులు, పిల్లలు సైతం అదే గాలి పీలుస్తారు.

చట్టానికి అందని ఇల్లు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను విధిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. అయితే విద్యుత్తు వాడే చోట కనీసం 10 మంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ అని నిర్వచించింది. ఇద్దరు ముగ్గురు కూలికి సాన పట్టే ఇల్లు ఆ నిర్వచనంలోకి వచ్చేది కాదు. యజమాని ఎవరో చూపే కాగితం లేనప్పుడు, రోగం పని వల్లే వచ్చిందని నిరూపించే భారం రోగిపైనే పడుతుంది.

నివారణ మార్గాలు తెలిసినవే. రాయిని తడుపుతూ సాన పట్టడం, చక్రం వద్దే ధూళిని పీల్చే గొట్టం అమర్చడం, పనిచోటును నివాసానికి దూరంగా ఉంచడం వాటిలో ముఖ్యమైనవి. ముక్కకు ఇంతని కూలి పొందే కుటుంబానికి ఈ ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న.

కొనేవారికి

అకీకు కాఠిన్యం మోస్ కొలమానంపై 6.5 నుంచి 7 వరకు ఉంటుంది. మామూలు చాకుతో గీత పడదు. బల్లపై అద్దం ఉంటే దాని మీదే గీతలు పడవచ్చు కనుక అడుగున దళసరి గుడ్డ అంటించడం మేలు. మిరుమిట్లు గొలిపే నీలం, గులాబీ రంగులు సాధారణంగా అద్దకం వల్ల వచ్చినవే. ఈ సంగతులు రాయిని పరిశీలిస్తే తెలుస్తాయి. దానిని తడిపి సాన పట్టారా, పొడిగా పట్టారా అన్నది మాత్రం అమ్మేవారిని అడిగితేనే తెలుస్తుంది.