రాబందు చేసిన పని

మన యిండ్లలో రాబందునకు మంచిపేరు లేదు. ఇంటికప్పుపై వాలినచో శాంతి చేయింపవలెనని పెద్దలందురు. కటికగుండె వడ్డీవ్యాపారిని తిట్టవలసివచ్చినప్పుడు ఆ పక్షి పేరే నోటికి వచ్చును. జటాయువునకు శ్రీరాముడు స్వయముగా ఉత్తరక్రియలు జరిపెనని చదివి కన్నీరు పెట్టుకొనువారే పెరటిచెట్టుపై ఆ జాతిపక్షిని చూచినచో రాయి విసరుదురు. అట్టి పక్షి పదిపదునైదేండ్లలో దేశమునుండి దాదాపు మాయమైనది. ఆ కథను కొంత వివరించుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆవరణవ్యవస్థ యను భావమునకు 1935లో పేరు పెట్టినవాడు ఆర్థర్ టాన్‌స్లీ యను ఆంగ్లేయ వృక్షశాస్త్రజ్ఞుడు. ఒకచోట నున్న చెట్టుచేమలను, పశుపక్ష్యాదులను, కంటి కగపడని సూక్ష్మజీవులను లెక్కించిన చాలదనియు, ప్రాణములేని మట్టిని, నీటిని, గాలిని, ఎండను గూడ చేర్చి యంతయు నొక్కటిగా చూడవలెననియు నాతడు వాదించెను. ఊరివెలుపల చచ్చిపడిన యెద్దును తలచుకొన్నచో ఈ మాట సులభముగా బోధపడును. అది మేసిన గడ్డి మట్టిసారముతో, నీటితో, సూర్యకాంతితో పెరిగినది. ఎద్దు చచ్చినపిమ్మట ఆ సారము తిరిగి మట్టికి చేరవలెను. తోలును చర్మకారులు తీసికొనిపోయెడివారు. (వారి పనివలన లాభమునొంది వారినే దూరముంచిన మన సంఘముయొక్క అన్యాయమును గురించి వేరుగా వ్రాయవలసియున్నది.) మాంసము రాబందుల వంతు. గుంపుగా దిగెనా, కొద్దిగంటలలో ఎముకలు మాత్రమే మిగులును. వాని జఠరములోని ఆమ్లము మిక్కిలి తీవ్రమైనదగుటచే రోగక్రిములు పెక్కు అందే నశించును. ఇంత శుభ్రముగా నీ పని చేయు జీవి మన పల్లెలలో మరియొకటి లేదు.

1980 తరువాతి సంవత్సరములలో సైతము తెల్లవీపు రాబందు, గ్రద్దజాతి పెద్దపక్షులలో లోకమునందెల్ల అధికసంఖ్యాకమై యుండవచ్చునని శాస్త్రజ్ఞులు తలచెడివారు. 1990 దాటిన పిదప భరతపురమునందలి కేవలాదేవ్ ఉద్యానములో విభుప్రకాశ్ అను పరిశోధకుడు వింత నొకదానిని గమనించెను. పక్షులు మెడలు వ్రేలవేసి కొమ్మలపై కూర్చుండి, అట్లే చచ్చి పడుచుండెను. అంటువ్యాధి యని కొందరనిరి. కారణము 2004లో తేలినది. పాకిస్థానమునందలి పంజాబులో చచ్చిన రాబందులను లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు కోసి చూడగా, మూత్రపిండములు చెడి, లోపలి యవయవములపై యూరికామ్లము సున్నమువలె పేరుకొనియుండెను. పశువుల నొప్పులకు వాడు డైక్లోఫినాక్ అను మందు కళేబరములోనుండి పక్షుల కడుపున చేరినదే యిందులకు మూలము.

ఇక్కడ నొక్క క్షణము నిలువవలెను. ఈ మందు నిచ్చినవాడు క్రూరుడు కాడు. కుంటుచున్న యెద్దుపై జాలిగొన్న రైతు. ముసలిపశువును కోతకు పంపక, నొప్పి తగ్గించి, చచ్చినపిదప బయట విడుచుట మన యాచారము. ఆ కరుణయే, చవుకగా దొరకు నొక ప్రాణములేని పదార్థముతో కలిసి, విషమైనది. నూరు కళేబరములలో ఒక్కదానికంటె తక్కువయందు మందున్నను ఈ జాతులు క్షీణించుట కది చాలునని లెక్క తేలినది. కారణము స్పష్టమే: ఒక్క కళేబరముపై పదులకొలది పక్షులు వ్రాలును, జత సంవత్సరమునకు పెట్టునది ఒక్క గ్రుడ్డు, పిల్ల ఈడేరుటకు సుమారు ఐదేండ్లు. 1992 మొదలు 2007 వరకు చూడగా తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి మిగిలినది.

కుక్కలు, కాకులు ఉన్నవి గదా యని కొంద రడుగుదురు. జీవవైవిధ్యమనగా ఎన్ని నోళ్లున్నవను లెక్క మాత్రము కాదు. కుక్క తినగా మిగిలినది కుళ్లును. తిన్న కుక్క సంతతిని పెంచును. దాని కాటుతో పిచ్చికుక్కవ్యాధి మనుష్యునకు సోకును. రాబందులు పోయినందున 2000 మొదలు 2005 వరకు మనదేశమున సుమారు ఐదులక్షలమంది అదనముగా మరణించిరని ఏయల్ ఫ్రాంక్, అనంత సుదర్శన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిన యంచనా. అది యంచనాయే యైనను, అందు సగము నిజమైనను భయంకరమే. బొంబాయి పారసీకుల దఖ్మాలలో పక్షులు రాకపోగా, సూర్యకాంతిని కేంద్రీకరించు అద్దములు నిలుపవలసివచ్చెను.

పశువులకు డైక్లోఫినాక్ వాడుకను ప్రభుత్వము 2006లో నిషేధించినది. మనుష్యుల పేర కొన్న పెద్దసీసాలు పశువులకు చేరుచుండుటచే, 2015లో సూదిమందును మూడు మిల్లీలీటర్లకు కుదించిరి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ అనువానిని పశువులకు వాడరాదని 2023లో ఆజ్ఞ వచ్చినది. మెలాక్సికాం రాబందులకు హానిచేయదని పరీక్షలలో తేలినందున, పాడిగల గృహస్థులు పశువైద్యునడిగి దానినే వాడించుట కష్టము కాదు. హర్యానాలోని పింజోరులో రాబందులను పెంచి పిల్లలను చేయించుచున్నారు.

మన తెలుగునాట బెజ్జూరు అడవిలో, పాలరాపుగుట్ట చరియపై, పొడుగుముక్కు రాబందులు 2013లో కనబడినవి. అవి ఎక్కువగా రాతిచరియలలో గూడు కట్టును. వానిలో నొక్కటియు ఎవరి యింటికప్పుపై వాలుటకు రాలేదు.